నర్సింగ్ అసిస్టెంట్, పేషెంట్ కేర్ టెక్నీషియన్ ఒకటి కావు: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల విద్య, ఉపాధి విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

భర్త ఉద్యోగం వెంట ఈ దేశానికి వచ్చి, పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక తమకూ ఒక సంపాదన ఉండాలని కోరుకునే మహిళల కోసం, పిల్లల ద్వారా గ్రీన్ కార్డు పొంది ఇంకా ఒంట్లో ఓపిక ఉన్న తల్లిదండ్రుల కోసం, వైద్యవిద్య వైపు చూస్తున్న యువతీయువకుల కోసం మీరు ఉపాధి అవగాహన సదస్సులు నిర్వహిస్తున్నారు. కంప్యూటర్ కోర్సుల చుట్టూనే తిరిగిన మనవాళ్ల ఆలోచనను ఆరోగ్య రంగం వైపు మళ్లించడం మంచి పని. అయితే ఆ వేదికల మీద నర్సింగ్ అసిస్టెంట్, పేషెంట్ కేర్ టెక్నీషియన్ అనే రెండు ఉద్యోగాలను ఒకే గాటన కట్టడం, రెండూ ఒకటేనని ఒక వక్త, రెండోది మొదటిదానికి పై మెట్టని మరొక వక్త చెప్పి వెళ్లిపోవడం నేను విన్నాను. ఆ రెండు మాటలూ సరైనవి కావు. వాటిని నమ్మి ఫీజులు కట్టినవారు ఆ తరువాత మా వంటి నర్సుల దగ్గరకు వచ్చి దారి అడుగుతున్నారు కనుక ఈ లేఖ రాయవలసి వచ్చింది.

నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్నాను. అంతకుముందు వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశాను. షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఏ రోగి పనులలో వేటిని ఎవరికి అప్పగించవచ్చో, వేటిని అప్పగించకూడదో తేల్చుకోవడం నా బాధ్యతలో భాగం. ఈ రెండు ఉద్యోగాల మధ్య తేడాను కాగితం మీద కాక పనిలో చూస్తున్నదాన్ని కాబట్టి, మీ వక్తలు చెప్పకుండా వదిలేస్తున్న విషయాలను వివరంగా రాస్తున్నాను.

మొదట నర్సింగ్ అసిస్టెంట్ సంగతి. సీఎన్‌ఏ (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్) అని అందరూ పిలిచే ఈ ఉద్యోగానికి వెనుక ఒక ఫెడరల్ చట్టం ఉంది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలోని చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు. తమంతట తాము లేచి తిరగలేని వృద్ధులు, దీర్ఘకాల రోగులు నెలల తరబడి, ఏళ్ల తరబడి నివసించే చోటు. ఆ చోట్ల వారిని చూసుకుంటున్న తీరు మీద 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక దేశాన్ని కదిలించింది. మరుసటి ఏడాది, 1987 డిసెంబరులో, ఓబ్రా అని పొట్టిగా పిలిచే చట్టంలో నర్సింగ్ హోమ్ సంస్కరణలు చేరాయి. వృద్ధులకు, పేదలకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌లలో నర్స్ ఎయిడ్‌గా, అంటే నర్సింగ్ అసిస్టెంట్‌గా, పనిచేసేవారికి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని, అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతులతో చేసే శిక్షణ కావాలని, ఆ తరువాత రాత లేదా మౌఖిక పరీక్షతో పాటు పని చేసి చూపించే పరీక్ష కూడా నెగ్గాలని అప్పటినుంచి నియమం. నెగ్గినవారి పేరు రాష్ట్రప్రభుత్వం నిర్వహించే రిజిస్ట్రీలోకి ఎక్కుతుంది. శిక్షణ, పరీక్ష పూర్తి కాని మనిషిని నర్సింగ్ హోమ్ నాలుగు నెలలకు మించి ఆ పనిలో ఉంచుకోకూడదు.

ఆ రిజిస్ట్రీ కేవలం పేర్ల పట్టిక కాదు. వృద్ధుల మీద చెయ్యి చేసుకున్నారని, నిర్లక్ష్యం చేశారని, వారి సొమ్ము కాజేశారని విచారణలో తేలితే ఆ విషయం కూడా అందులో నమోదవుతుంది, పనిలోకి తీసుకునే ముందు ప్రతి నర్సింగ్ హోమ్ దాన్ని చూసి తీరాలి. మంచం మీద నుంచి కదలలేని మనిషిని ఒంటరిగా ఒక అపరిచితుడి చేతికి అప్పగిస్తున్నప్పుడు ప్రభుత్వం ఇంత జాగ్రత్త తీసుకోవడం సమంజసమే.

75 గంటలు అన్నది దేశమంతటికీ కనీస హద్దు మాత్రమే, చాలా రాష్ట్రాలు దాన్ని పెంచుకున్నాయి. న్యూజెర్సీలో 90 గంటలు, టెక్సాస్‌లో 100, కాలిఫోర్నియాలో 160. ఫ్లోరిడాలో శిక్షణ పూర్తి చేయకుండానే నేరుగా పరీక్షకు కూర్చునే వీలు కూడా ఉంది. మన కుటుంబాలలో ప్రాజెక్టు మారితే టెక్సాస్‌లోని డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు ఇల్లు మార్చడం మామూలు విషయం కనుక ఈ తేడా తెలియడం చాలా అవసరం. ఒక రాష్ట్రపు రిజిస్ట్రీలో ఉన్న పేరు మరో రాష్ట్రానికి తనంతట తాను రాదు, కొత్త రాష్ట్రంలో దరఖాస్తు పెట్టుకుని మార్పించుకోవాలి. అలాగే వరసగా 24 నెలల పాటు ఎక్కడా జీతానికి ఈ పని చేయకపోతే మళ్లీ పరీక్ష నెగ్గాలి, లేదా శిక్షణే మళ్లీ తీసుకోవాలి. అత్తమామల అనారోగ్యానికో, కాన్పుకో ఇండియా వెళ్లి అక్కడే ఎక్కువ కాలం ఉండిపోయిన ఆడవాళ్లు తిరిగి వచ్చాక ఈ నియమం తెలిసి నిరాశ పడటం నేను చూశాను. వెళ్లే ముందే తెలిసి ఉంటే, గడువు దాటకుండా తిరుగు ప్రయాణం చూసుకునేవారు.

డబ్బు విషయం దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మీ సదస్సులలో దీని గురించి ఒక్క మాట కూడా వినబడలేదు. శిక్షణ మొదలయ్యే నాటికి ఒక నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగంలో ఉన్న అభ్యర్థి దగ్గర, లేదా ఉద్యోగం ఇస్తామని మాట పొందిన అభ్యర్థి దగ్గర, శిక్షణకు గాని, పుస్తకాలకు గాని, పరీక్షకు గాని ఒక్క డాలరు కూడా వసూలు చేయకూడదని ఫెడరల్ నియమాలు చెబుతున్నాయి. సొంత డబ్బుతో శిక్షణ పూర్తి చేసుకున్నవారు కూడా 12 నెలల లోపు అటువంటి నర్సింగ్ హోమ్‌లో చేరితే, వారు పెట్టిన ఖర్చు పనిచేసిన కాలాన్ని బట్టి తిరిగి అందేలా రాష్ట్రం ఏర్పాటు చేయాలి. అంటే, ముందు దగ్గరలోని నర్సింగ్ హోమ్‌లకు వెళ్లి, మీరే శిక్షణ ఇచ్చి తీసుకుంటారా అని అడగడం మొదటి పని కావాలి. మన వేదికల మీద మాత్రం ముందు ఫీజు, తరువాత ఉద్యోగం అన్న వరసే వినిపిస్తోంది. వేదికకు డబ్బు సమకూర్చిన శిక్షణ సంస్థ ప్రతినిధే వక్తగా వచ్చినప్పుడు అంతకు భిన్నంగా వినిపించే అవకాశం తక్కువ. ఇది నిష్ఠూరంగా అనిపిస్తే మన్నించండి, కాని చెప్పక తప్పదు.

ఇక పేషెంట్ కేర్ టెక్నీషియన్, అంటే పీసీటీ. ఆసుపత్రిలో ఈ ఉద్యోగానికి పైన చెప్పినటువంటి ఫెడరల్ శిక్షణ నియమం ఏదీ లేదు, సాధారణంగా దీనికి రాష్ట్ర రిజిస్ట్రీ కూడా ఉండదు. ఇది ఆసుపత్రి తన అవసరాన్ని బట్టి పెట్టుకున్న హోదా. ఒక ఆసుపత్రి పీసీటీ అనే మనిషిని పక్క ఆసుపత్రి పేషెంట్ కేర్ అసిస్టెంట్ అంటుంది, ఇంకొకటి నర్సింగ్ టెక్ అంటుంది. కార్మికశాఖ వాడే ఉద్యోగాల వర్గీకరణలో పీసీటీలు వేరే పద్దుగా కాక నర్సింగ్ అసిస్టెంట్ల పద్దు కిందనే కనిపిస్తారు. డ్రైవింగ్ లైసెన్సు ప్రభుత్వం ఇస్తుంది, డ్రైవరు ఉద్యోగం యజమాని ఇస్తాడు. సీఎన్‌ఏకీ పీసీటీకీ మధ్య ఉన్న తేడాలో ముఖ్యమైన భాగం ఇదే. నేషనల్ హెల్త్‌కెరీర్ అసోసియేషన్ వంటి ప్రైవేటు సంస్థలు పీసీటీలకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తాయి. కొన్ని ఆసుపత్రులు దానికి విలువ ఇస్తాయి, కొన్ని అడగనే అడగవు. చాలా ఆసుపత్రులు రిజిస్ట్రీలో పేరున్న సీఎన్‌ఏనే పీసీటీగా తీసుకుని మిగిలిన పనులు తామే నేర్పిస్తాయి. మొదటి సెమిస్టర్లు పూర్తయిన నర్సింగ్ విద్యార్థులను తీసుకునేవి కూడా ఉన్నాయి. దాదాపు అన్నిచోట్లా అడిగేది గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్సలో, అంటే బీఎల్ఎస్‌లో, రెండేళ్ల పాటు చెల్లే కార్డు.

పని తీరులో తేడా ఉంది. నర్సింగ్ హోమ్‌లో సీఎన్‌ఏ రోజు ఎనిమిది గంటల షిఫ్టులో స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం లేదా డైపరు మార్చడం, పడక పుండ్లు పడకుండా వేళ ప్రకారం పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నడుముకు బెల్టు కట్టి నడిపించడం వంటి పనులతో నిండి ఉంటుంది. ఆసుపత్రిలో పీసీటీ కూడా ఇవన్నీ చేస్తారు. వీటి నుంచి తప్పించుకోవచ్చని పీసీటీ కోర్సులో చేరినవారు మొదటి వారంలోనే ఖంగు తింటారు. వీటికి తోడు రక్తం తీయడం, ఈసీజీ తీయడం, వేలి నుంచి చుక్క తీసి షుగర్ చూడటం, మూత్రం ఎంత నిలిచిందో స్కానర్‌తో కొలవడం, గుండె లయను చూపే తీగలు అతికించడం, ఎప్పుడు పడిపోతారో తెలియని రోగి పక్కన కనిపెట్టుకుని కూర్చోవడం వంటివి ఆసుపత్రి అప్పగిస్తుంది. షిఫ్టులు చాలావరకు పన్నెండు గంటలవి. పొద్దున చేరిన రోగి సాయంత్రానికి వెళ్లిపోవచ్చు, ఆ పడక మీదికి ఇంకొకరు రావచ్చు, కాబట్టి పని వేగం వేరు, మనసు మీద పడే బరువు కూడా వేరు.

ఇద్దరిలో ఎవరూ మందులు ఇవ్వకూడదు. రోగి పరిస్థితిని అంచనా వేసి నిర్ణయం చెప్పకూడదు. చూసింది, కొలిచింది నర్సుకు చెప్పాలి. మందులు ఇచ్చే సహాయకులకు కొన్ని రాష్ట్రాలలో వేరే ధ్రువీకరణ ఉంది, అది ఈ రెంటిలో దేనిలోనూ కలిసి రాదు. ఒక పని అప్పగించేటప్పుడు అది అప్పగించదగిన పనేనా, ఈ రోగి స్థితికి తగునా, ఈ మనిషికి వచ్చునా, సరిగ్గా వివరించానా, చేస్తున్నప్పుడు చూడగలనా అని నర్సు ఆలోచించాలని మా వృత్తి నియమాలు చెబుతాయి. ఆ ప్రశ్నలకు జవాబు మెడలోని కార్డు మీద రాసి ఉన్న హోదాలో దొరకదు. ఆ రాష్ట్రపు నర్సింగ్ బోర్డు నియమాలు, ఆ ఆసుపత్రి విధానం, ఆ మనిషి నేర్చుకున్నట్టు నమోదైన నైపుణ్యాలు చూస్తేనే తెలుస్తుంది.

పీసీటీ పై మెట్టన్న మాట ఎందుకు తప్పో నార్త్ కరోలినాను చూస్తే బోధపడుతుంది. అక్కడ నర్సింగ్ అసిస్టెంట్లలోనే రెండు స్థాయిలు ఉన్నాయి. రెండో స్థాయివారు నర్సింగ్ బోర్డు జాబితాలో ఉండి, మూత్రం పోవడానికి గొట్టం (క్యాథెటర్) వేయడం, గొట్టం ద్వారా ఆహారం పంపడం వంటి పనులు నర్సు అప్పగింత మీద చేయగలరు. అవి పీసీటీకి అప్పగించని ఆసుపత్రులు కూడా ఉన్నాయి. ఇటు రక్తం తీయడం విషయంలో కాలిఫోర్నియా, లూసియానా, నెవాడా, వాషింగ్టన్ రాష్ట్రాలు ప్రత్యేక లైసెన్సు లేదా ధ్రువీకరణ అడుగుతాయి. వేరే రాష్ట్రంలో పీసీటీగా రక్తం తీసిన అనుభవం ఉన్నంత మాత్రాన కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో సూది పట్టుకోవడానికి కుదరదు.

నన్ను కలిసిన వారిలో ఒక సోదరి గురించి చెప్పాలి. ఆమె పీసీటీ, రక్తసేకరణ, ఈసీజీ మూడూ కలిపి అమ్మే కోర్సుకు గణనీయమైన మొత్తం కట్టింది. పూర్తి చేసి, ధ్రువపత్రం పట్టుకుని ఇంటికి దగ్గరలోని నర్సింగ్ హోమ్‌కు వెళ్తే, రిజిస్ట్రీలో పేరు లేదు కాబట్టి తీసుకోలేమన్నారు. ఆసుపత్రులకు దరఖాస్తు చేస్తే అనుభవం అడిగారు. ఆ కోర్సు రాష్ట్రం ఆమోదించిన నర్స్ ఎయిడ్ శిక్షణ కాదని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు, అడగాలని ఆమెకూ తెలియదు. చివరకు మళ్లీ మొదటి నుంచి సీఎన్‌ఏ శిక్షణకు వెళ్లింది. ఆమె తెలివికి గాని, కష్టపడే గుణానికి గాని లోటు లేదు. లేనిదల్లా ఒక్క సరైన సమాచారం.

పీసీటీ అన్న పేరుకే చట్టం నిర్దిష్టమైన అర్థం ఇచ్చిన చోటు ఒకటి ఉంది, అది డయాలసిస్ కేంద్రం. 2008లో వచ్చిన ఫెడరల్ నియమాల ప్రకారం అక్కడ పేషెంట్ కేర్ టెక్నీషియన్‌గా చేరేవారికి హైస్కూలు చదువు ఉండాలి, చేరిన 18 నెలల లోపు గుర్తింపు పొందిన ధ్రువీకరణ పరీక్ష నెగ్గాలి. వారు చేసే పని ఆసుపత్రి పీసీటీ పనికి చాలా దూరం. యంత్రాన్ని సిద్ధం చేయడం, డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి ఏర్పరచిన ఫిస్టులాకు సూదులు వేయడం, రక్తం శుద్ధి అవుతున్నంత సేపూ బీపీ పడిపోకుండా కనిపెట్టడం, చివర సూదులు తీసి రక్తం ఆగే వరకు ఒత్తి పట్టుకోవడం, ఇవన్నీ వారే చేస్తారు. వారానికి మూడు రోజులు అదే కుర్చీకి వచ్చే రోగులతో ఏళ్ల తరబడి అనుబంధం ఏర్పడుతుంది. చాలా కేంద్రాలు జీతం ఇస్తూనే శిక్షణ ఇస్తాయి. అనుభవం లేనివారికి ఇది మంచి దారి అని నా అభిప్రాయం, అయితే రక్తంతో పని కాబట్టి జాగ్రత్త ఎంతో అవసరం. రక్తం తాకే అవకాశం ఉన్న ఉద్యోగులకు హెపటైటిస్ బి టీకా ఉచితంగా ఇవ్వాలన్నది 1991 నుంచి ఉన్న నియమం, దాన్ని అడిగి వేయించుకోవాలని కూడా వేదిక మీద చెప్పాలి.

పీసీటీకి ఇచ్చే గౌరవం సీఎన్‌ఏకు ఇవ్వకపోవడం నన్ను బాధిస్తోంది. టెక్నీషియన్ అంటే యంత్రాలతో పని, అసిస్టెంట్ అంటే ఒళ్లు తుడిచే పని అని మనవాళ్లు లోలోపల అనుకుంటారు, ఊళ్లో బంధువులకు ఆసుపత్రిలో ఉద్యోగం అని మాత్రమే చెప్పుకుంటారు. నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్దాయన నిన్నటికన్నా ఈవేళ తక్కువ తిన్నాడని, మాట తడబడుతోందని, వీపు కింద చర్మం ఎర్రబడిందని మొదట గమనించేది సీఎన్‌ఏనే. రోజూ ఒంటిని తాకి చూసే మనిషికి తెలిసినది నాకు చార్టులో కనిపించదు. ఆమె చెప్పిన ఒక్క మాటతో డాక్టరుకు ఫోను చేసి, ప్రాణం మీదికి రాకముందే ఇన్ఫెక్షన్‌ను పట్టుకున్న సందర్భాలు నాకు గుర్తున్నాయి. ఈ పనికి ఇక్కడ ఇచ్చే జీతం ఆ విలువకు తగినంత లేదు, నడుము నొప్పులు, భుజం నొప్పులు ఎక్కువ. అవి కూడా దాచకుండా చెప్పండి. తెలిసి వచ్చినవారు నిలబడతారు.

వీసా విషయంలో మీ వక్తలు ఇంకా స్పష్టంగా ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి వెంట హెచ్-4 మీద ఉన్నవారు చదువుకోవచ్చు, కోర్సు చేయవచ్చు, కాని పని అనుమతి పత్రం చేతికి రానిదే ఒక్క గంట కూడా జీతానికి పనిచేయకూడదు. ఆ అనుమతి 2015 నుంచి కొందరికే, ముఖ్యంగా భర్త లేదా భార్య గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం పొందినవారికి, దొరుకుతోంది. కంపెనీ బదిలీ మీద వచ్చిన ఉద్యోగి వెంట ఎల్-2 మీద వచ్చిన జీవిత భాగస్వామికి పని హక్కు హోదాతోనే వస్తుంది. విద్యార్థి వీసా ఉన్నవారి వెంట ఎఫ్-2 మీద ఉన్నవారికి, సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులకు అది లేదు. ఎవరింట్లోనో పెద్దవాళ్లను చూసుకుని చేతికి డబ్బు తీసుకుంటే ఎవరికీ తెలియదులే అన్న సలహా చాలా ప్రమాదకరం. ఈ రెండు ఉద్యోగాలూ హెచ్-1బీ తెచ్చిపెట్టేవి కావని కూడా ముందే చెప్పాలి.

మన రాష్ట్రాలలో జీఎన్ఎం గాని, బీఎస్సీ నర్సింగ్ గాని చదివి వచ్చినవారిని పీసీటీ కోర్సులో చేర్పించడం నాకు ఎంతమాత్రం మింగుడు పడదు. వారి దారి చదువు పత్రాల మూల్యాంకనం, నర్సింగ్ బోర్డు అనుమతి, రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుకు పెట్టే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష. అందుకు సమయం పడుతుంది, మధ్యలో సంపాదనకు సీఎన్‌ఏగా చేయడం తప్పు కాదు, కాని అసలు దారి ఏదో వారికి వినిపించాలి. వైద్యవిద్యకు దరఖాస్తు చేసే పిల్లల సంగతి వేరు. రోగుల పక్కన గడిపిన అనుభవం కోసం వారికి సీఎన్‌ఏ శిక్షణ చాలు, వేసవిలోనే పూర్తవుతుంది. కొన్ని కాలేజీలు నర్సింగ్ ప్రవేశానికి దాన్నే ముందుగా అడుగుతాయి.

అందుచేత మిమ్మల్ని కోరేది ఇది. ఈ రెండు ఉద్యోగాల గురించి మాట్లాడే వేదిక మీదికి శిక్షణ సంస్థల ప్రతినిధులకన్నా ముందు ఆ పనిలో ఉన్న తెలుగువారిని పిలవండి, వారు ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నారు. ఏ సంస్థ అయినా మీ సదస్సుకు ఆర్థిక సహాయం చేస్తే ఆ సంగతి శ్రోతలకు చెప్పండి. ఏ కోర్సునైనా మీ వేదిక మీద ప్రకటించే ముందు అది రాష్ట్రం ఆమోదించిన నర్స్ ఎయిడ్ శిక్షణా కాదా అన్నది ఆ రాష్ట్రపు జాబితాలో చూడండి, జవాబు కాదు అయితే ఆ మాట ప్రకటనలోనే రాయించండి. తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, జార్జియా, వర్జీనియా, ఇల్లినాయ్, నార్త్ కరోలినా రాష్ట్రాలకు శిక్షణ గంటలు, పరీక్ష తీరు, ఖర్చు తిరిగి పొందే పద్ధతి, రక్తం తీయడానికి కావలసిన అనుమతి తెలుగులో రాసి అందరికీ అందుబాటులో ఉంచండి. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏడాదికొకసారి దాన్ని సరిచూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

మొదటి ప్రతి రాసిపెట్టడానికి నేను, నాతో పనిచేసే మరికొందరు తెలుగు నర్సులు సిద్ధంగా ఉన్నాము. ప్రతిఫలం ఏమీ అక్కరలేదు. మీ తదుపరి కార్యవర్గ సమావేశంలో ఈ లేఖను చర్చకు పెట్టి, మీరు తీసుకున్న నిర్ణయాన్ని సభ్యులందరికీ తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు రిజిస్టర్డ్ నర్సు